మామ్మ కషాయానికి పరీక్ష పెడదామా?

మాది మురమళ్ళ. వీరేశ్వరస్వామి నిత్యకల్యాణాలు, గోదావరి గట్టు, కొబ్బరితోటలు, పంటకాలువలు, వాటితోపాటు దోమలు. ఏ ఒక్కదానికీ లోటు లేదు. అయితే నాకు మలేరియా మా ఊళ్ళో రాలేదు. బోటనీ టూరుకని మారేడుమిల్లి వెళ్ళొచ్చిన రెండు వారాలకు చలిజ్వరం పట్టుకుంది. మామ్మ నేలవేము, మిరియాలు వేసి కషాయం కాచింది. "కళ్ళు మూసుకుని తాగెయ్యరా, పొద్దుటికి దిగిపోతుంది" అంది. దిగిపోయింది. మామ్మ వీధిలో నలుగురికీ చెప్పుకుంది. మూడోనాడు మధ్యాహ్నం రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. రక్తపరీక్షలో వైవాక్స్ మలేరియా అని తేలింది.

అసలు చిక్కంతా ఇక్కడే వుంది. వైవాక్స్ క్రిములు సుమారు 48 గంటలకొకసారి ఎర్రకణాలను పగలగొట్టుకుని బయటికొస్తాయి. అందుకే జ్వరం దినం విడిచి దినం వస్తుంది. మధ్యరోజున తులసిరసం ఇచ్చినవాడికీ, తాయెత్తు కట్టినవాడికీ, వట్టి మంచినీళ్ళిచ్చినవాడికీ సమానంగా పేరొస్తుంది. "మా యింట్లో తగ్గిందండీ" అనేమాట అబద్ధం కాదు. అలాగని ఋజువూ కాదు.

అయితే "పాతవాళ్ళకేం తెలుసు" అని పెదవి విరిచే మిత్రులతోనూ నాకు పేచీయే. చైనాలో తూ యూయూ అనే శాస్త్రజ్ఞురాలు మలేరియా మందు కోసం పాత వైద్యగ్రంథాలు తిరగేశారు. ఆర్టిమీసియా అనే మొక్క సారం ఒకసారి పనిచేసేది, ఒకసారి చేసేది కాదు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ ఆ మొక్కను నీళ్ళలో నానబెట్టి, పిండి, రసం తాగమన్నాడు గాని కాచమనలేదు! ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె తక్కువ వేడిలో ఈథరుతో సారం తీశారు. 1971లో అది ఎలుకల్లో క్రిమిని పూర్తిగా తుడిచిపెట్టింది. రోగులకివ్వడానికి ముందు ఆమె, సహచరులు తామే తాగి చూసుకున్నారు. 2015లో నోబెల్ వచ్చింది. ఇప్పుడు ఆ ఆర్టిమిసినిన్‌కే కంబోడియా వైపూ, ఆఫ్రికాలో కొన్నిచోట్లా క్రిమి త్వరగా లొంగడం లేదు. కనుక వెతుకులాట ఆగేది కాదు.

మన దేశంలోనూ ప్రయత్నం జరిగింది. ఏడాకుల పాల బెరడు, కటుకరోహిణి, కిరాతతిక్తం, మనం చిన్నప్పుడు రాతిమీద రుద్ది పక్కవాడికి చురక పెట్టిన గచ్చకాయ కలిపి ఆయుర్వేద పరిశోధకులు "ఆయుష్-64" తయారుచేశారు. దాన్ని క్లోరోక్విన్‌తో పోల్చిచూసిన ఫలితం 2000లో అచ్చయింది. 28 రోజులయ్యేసరికి క్లోరోక్విన్ తీసుకున్న వైవాక్స్ రోగులందరికీ నయమైంది. ఆయుష్-64 తీసుకున్నవారిలో సుమారు సగం మందికే నయమైంది. ఆ సగంలో మందువల్ల ఎందరికో, ఒంటి సత్తువవల్ల ఎందరికో ఆ పోలిక చెప్పదు. చెప్పాలంటే కొందరికి ఉత్త చక్కెరబిళ్ళలివ్వాలి. నయంచేసే మందు చేతిలో వుండగా ఆ పని ఎవరు చేస్తారు?

ఈ ఫలితానికి ఆయుర్వేదాభిమానులు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఓడిపోతుందేమోనన్న భయం లేకుండా పరీక్షకు నిలబెట్టడమే ఆ మందుకు జరిగిన గౌరవమని నా అభిప్రాయం. మరి సగం చాలుతుందా? చాలదు. ఏజెన్సీలో ఫాల్సిపారం మెదడుకెక్కితే కషాయం ఫలితం కోసం ఎదురుచూసే వ్యవధి వుండదు.

మన కళాశాల మనుషులమీద మందులు పరీక్షించలేదు, పరీక్షించకూడదు కూడా. కాని మొక్క గుర్తు సరిచూడగలదు. హిమాలయపు కిరాతతిక్తం వేరు, మన నేలవేము వేరు. పచారీకొట్లో రెండూ ఒకటే! బోటనీవాళ్ళం ప్రతి మొక్కనూ ఎండబెట్టి నమూనా దాచాలి. ఆకా, వేరా, పచ్చిరసమా, కాచిందా, జ్వరం ఏ రోజున ఇచ్చారు, రక్తం చూపించారా అని రాసుకోవాలి. ఇవి లేకుండా ఏ ప్రయోగశాలకు పంపినా అది వట్టి ఆకుల మూటే.

మొదటి పేజీ మామ్మదే రాశాను. నీడన ఆరబెట్టాలట. నాలుగు గ్లాసులు ఒక గ్లాసయ్యేదాకా కాచాలట. "ఎన్ని ఆకులే?" అంటే గుప్పెడంది. ఎవరి గుప్పెడని అడిగితే కాసేపు ఆలోచించి, తన చెయ్యి చాపి, "కొలుచుకోరా" అంది.