నాలుగో స్థానానికి ఏమిస్తారు?

2021 ఆగస్టు 7, శనివారం. పాలప్యాకెట్ ఇంకా రాలేదు. మా ఇంట్లో టీవీ మాత్రం అప్పటికే మోగుతోంది. నేనూ, అప్పటికి ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయీ దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. టోక్యో ఒలింపిక్స్ లో గోల్ఫ్ చివరి రోజది. మూడు రోజుల ఆట ముగిసేసరికి బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్ రెండో స్థానంలో ఉంది. గోల్ఫ్ అంటే సినిమాల్లో హీరోయిన్ తండ్రి ఆడే ఆట అనుకునేదాన్ని నేను. ఆ రెండు రోజుల్లో బర్డీ, బోగీ అన్న మాటలు నేర్చేసుకున్నాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. మైదానంలో పద్దెనిమిది గుంతలుంటాయి. ఒక్కో గుంతలో బంతి వెయ్యడానికి ఇన్ని దెబ్బలని ఒక లెక్క ఉంటుంది. దాన్ని పార్ అంటారు. ఒకటి తక్కువలో వేస్తే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. నాలుగు రోజులకీ కలిపి ఎవరు తక్కువ దెబ్బలు వాడితే వాళ్ళదే గెలుపు. మన నెల బడ్జెట్ లాంటిదేనన్నమాట. ఎంత పొదుపుగా గట్టెక్కితే అంత గొప్ప!

ఆ రోజు వానొచ్చి ఆట కాసేపు ఆగింది. మళ్ళీ మొదలైంది. చివరి గుంత దగ్గర అదితి దూరం నుంచి కొట్టిన బంతి లోపలికి పడలేదు. నాలుగు రోజులకీ కలిపి ఆమె వాడిన దెబ్బలు 269. రజతం, కాంస్యం అందుకున్న ఇద్దరివీ 268. బంగారం గెలిచిన అమెరికా అమ్మాయి నెల్లీ కోర్డావి 267. ఒక్క దెబ్బ తేడాతో మనమ్మాయికి పతకం పోయింది.

అప్పుడే లేచొచ్చిన మా అత్తయ్య అడిగారు, "ఏమైందే?" అని.

"నాలుగో స్థానం, అత్తయ్యా."

"మరి నాలుగోదానికి ఏమిస్తారు?"

"ఏమీ ఇవ్వరు."

"అయ్యో పిచ్చితల్లీ!" అని ఆవిడ మొహం కడుక్కోడానికి వెళ్ళిపోయారు. నేను కాఫీ పెట్టుకున్నాను. మరో రెండు రోజులు పేపర్లలో ఫొటోలు పడ్డాయి. ఆ తర్వాత అందరిలాగే నేనూ మర్చిపోయాను.

ఇప్పుడు మళ్ళీ ఎందుకు గుర్తొచ్చిందంటే, మా అమ్మాయి పదో తరగతి అయిపోతోంది. దాని సంగతి చివర్లో చెబుతాను. ముందు అదితి సంగతి చూద్దాం. మనం చూసింది నాలుగు రోజులే. మిగతా ఏడాదంతా ఆ అమ్మాయి ఏం చేస్తుంది?

1998 మార్చిలో పుట్టింది. అయిదారేళ్ళ వయసులో గోల్ఫ్ కర్ర పట్టింది. 2015 డిసెంబరులో, పదిహేడేళ్ళకి, మొరాకో వెళ్ళి యూరప్ మహిళల టూర్ అర్హత పోటీలో మొదటి స్థానంలో నిలిచింది. అలా వచ్చే అర్హతనే 'కార్డు' అంటారు. 2016లో స్కూలు చదువు ముగించింది. అదే ఏడు రియో ఒలింపిక్స్ ఆడి 41వ స్థానంలో నిలిచింది. అదే ఏడు నవంబరులో గుర్గావ్ లో ఇండియన్ ఓపెన్ గెలిచి, యూరప్ టూర్ లో టైటిల్ సాధించిన మొదటి భారతీయురాలైంది. ఆ వెంటనే ఖతార్ లోనూ గెలిచింది. 2017లో అమెరికా మహిళల టూర్, ఎల్పీజీఏలో అడుగుపెట్టింది. 1990ల్లోనే కలకత్తాకు చెందిన స్మృతి మెహ్రా ఆ టూర్ లో ఆడింది. అంటే బాట పూర్తిగా కొత్తదేం కాదు, కానీ నడిచినవాళ్ళు బొత్తిగా తక్కువ. ఆ ఏడాది నవంబరులోనే అబూధాబిలో మూడో టైటిల్ గెలిచింది.

ఆ తర్వాత? అయిదేళ్ళకి పైగా ఈ టూర్లలో ఒక్క టైటిలూ లేదు!

ఇక్కడే మనం కాస్త ఆగి ఆలోచించాలి. ప్రొఫెషనల్ గోల్ఫర్ అంటే నెలజీతం వచ్చే ఉద్యోగం కాదు. వారానికో ఊరు, ఒక్కోసారి వారానికో దేశం. మామూలుగా నాలుగు రోజుల పోటీల్లో రెండో రోజు సాయంత్రం ఒక గీత గీస్తారు. దానిపేరు 'కట్'. గీతకి పైనున్నవాళ్ళు మిగతా రెండు రోజులు ఆడతారు. వాళ్ళకే డబ్బు. కింద మిగిలినవాళ్ళు సాధారణంగా ఉత్త చేతులతో పెట్టె సర్దుకోవాల్సిందే. విమానం టికెట్టు, హోటలు, సంచి మోసే క్యాడీ జీతం, కోచ్ ఫీజు మాత్రం తప్పవు. ముందు పెట్టుబడి పెట్టి ఆకాశం వంక చూసే కౌలురైతు లెక్కే ఇది. పైగా సరిగ్గా ఆడకపోతే కార్డే పోవచ్చు. అప్పుడు మళ్ళీ అర్హత పోటీలు, మళ్ళీ మొదటి మెట్టు.

పోనీ గెలిచినవాళ్ళకైనా ఆడా మగా సమానమా అంటే అదీ లేదు. 2024లో అమెరికా ఓపెన్ మగవాళ్ళ పోటీకి మొత్తం బహుమతి సొమ్ము 2 కోట్ల 15 లక్షల డాలర్లు. ఆడవాళ్ళ పోటీకి 1 కోటి 20 లక్షలు. ఆడవాళ్ళ గోల్ఫ్ లో అప్పటికి ఘనంగా చెప్పుకున్న మొత్తం అదే! 2021 దాకా అది 55 లక్షలే. గుంతలు పద్దెనిమిదే, రోజులు నాలుగే, ఎండా అదే. డబ్బు దగ్గరికొచ్చేసరికి లెక్క మారిపోతుంది.

ఆ మాటకొస్తే, టోక్యో పోటీ జరిగిన కసుమిగసెకి క్లబ్బులో 2017 దాకా ఆడవాళ్ళకి పూర్తి సభ్యత్వమే లేదు. ఆదివారాలు ఆడనిచ్చేవారు కాదు. ఒలింపిక్స్ వాళ్ళు గట్టిగా అడిగాక నియమం మార్చారు. గోల్ఫ్ కి పుట్టినిల్లనే స్కాట్లాండ్ సెయింట్ ఆండ్రూస్ లోని పెద్ద క్లబ్బు 2014లో గానీ ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకోవడానికి ఒప్పుకోలేదు. మరి అలాంటి చోట మన అదితి ఆడుతుంటే, ఆమె సంచి మోసిందెవరో తెలుసా? వాళ్ళమ్మ మహేశ్వరి గారు. రియోలో నాన్న మోశారు, టోక్యోలో అమ్మ. ఆ ఎండలో, నాలుగు రోజులు, కూతురి పక్కనే మైళ్ళకి మైళ్ళు నడిచారావిడ. మనం పిల్లల పుస్తకాల సంచి బస్సుదాకా మోసి నడుం పట్టేసిందంటాం!

ఇంకో సంగతి. ఆ ఎండాకాలమే అదితికి కోవిడ్ వచ్చి తగ్గింది. ఒలింపిక్స్ నాటికి ప్రపంచంలో ఆమెది 200వ ర్యాంకు. బంతిని దూరం కొట్టడంలో అక్కడున్నవాళ్ళలో దాదాపు అందరికన్నా వెనకే. ఆమె బలమంతా గుంత దగ్గరికొచ్చాక, పటింగ్ లో. దూరంలో పోగొట్టుకున్నదాన్ని దగ్గరపనిలో రాబట్టుకుంది. చేతిలో ఉన్నదాంతో సంసారం నెట్టుకొచ్చే మనకి ఆ విద్య కొత్తగా చెప్పాలా?

టోక్యో తర్వాత కూడా గెలుపు వెంటనే రాలేదు. 2023 ఫిబ్రవరిలో కెన్యాలో వచ్చింది, అదీ తొమ్మిది దెబ్బల తేడాతో. ఏప్రిల్ లో లాస్ ఏంజెలెస్ లో ముగ్గురు సమానంగా నిలిస్తే, తేల్చడానికి పెట్టిన ప్లేఆఫ్ లో ఓడిపోయింది. ఆ ఏడే హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మూడో రోజు 61 కొట్టి ఏడు దెబ్బల ఆధిక్యం సంపాదించింది. బంగారం ఖాయమనుకున్నాం. నాలుగో రోజు 77 అయింది. థాయిలాండ్ అమ్మాయి దాటిపోయింది. మిగిలింది రజతం. ఆసియా క్రీడల గోల్ఫ్ లో మన దేశపు మహిళ తెచ్చిన మొదటి పతకం అదే. అయినా పతకం చేతికొచ్చిన రోజున కూడా బంగారం పోయిందనే ఎక్కువమంది చెప్పుకున్నారు. ఆ నవంబరులో స్పెయిన్ లో గెలిచింది. యూరప్ టూర్ లో అది అయిదో టైటిల్. 2024 పారిస్ ఒలింపిక్స్ లో 29వ స్థానం దగ్గర ఆగింది.

పారిస్ అంటే ఒక పాత ముచ్చట గుర్తొస్తుంది. 1900 పారిస్ ఒలింపిక్స్ లో మొదటిసారి ఆడవాళ్ళకి గోల్ఫ్ పెట్టారు. మార్గరెట్ ఆబట్ అనే అమెరికా అమ్మాయి గెలిచింది. వాళ్ళమ్మ కూడా అదే పోటీలో ఆడింది. బహుమతిగా ఒక పింగాణీ గిన్నె ఇచ్చారు. తను ఆడింది ఒలింపిక్స్ అనే సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. 1955లో చనిపోయేదాకా తెలియనే లేదు! ఆడవాళ్ళు చేసినదాన్ని లెక్కలో రాసుకునే అలవాటు లోకానికి ఎంత తక్కువో చూడండి.

అందుకే అదితి కథని నేను "పతకం వచ్చిందా, లేదా" అన్న ప్రశ్నతో కొలవదలుచుకోలేదు. 2017కీ 2023కీ మధ్య, గెలుపు లేని ఆ అయిదేళ్ళలో ఆమె వారం వారం పెట్టె సర్దుకుని బయల్దేరింది చూడండి, వృత్తి అంటే అదీ. టోక్యో నాలుగు రోజులూ ఆ అయిదేళ్ళ మధ్యలోవే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. గోల్ఫ్ ఖరీదైన ఆట. గోల్కొండ కోట పక్కనో, విశాఖలోనో ఉన్న గోల్ఫ్ మైదానాలని మనలో చాలామందిమి గోడ బయటినుంచి చూసినవాళ్ళమే. కూతురి వెనక దేశాలు తిరిగే వెసులుబాటు ప్రతి తల్లిదండ్రులకీ ఉండదు. అమ్మాయికి పట్టుదల ఉంటే చాలు అనడం తేలిక. దాని వెనక ఇల్లంతా కదలాలి, డబ్బూ కదలాలి. అది లేకే ఎంతమంది ఆడపిల్లలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయారో! వాళ్ళని ఏ ర్యాంకుల పట్టికలోనూ రాయరు.

ఇక మా అమ్మాయి సంగతి. అది ఆడేది షటిల్. జిల్లా స్థాయిలో రెండుసార్లు ఆడింది, రెండుసార్లూ సెమీస్ లోనే ఓడింది. ఇంటర్ లో చేర్పించే కాలేజీ అప్లికేషన్ మావారు తెచ్చి టేబుల్ మీద పెట్టారు. పొద్దున్నుంచి రాత్రిదాకా క్లాసులు, స్టడీ అవర్స్. మూడంతస్తుల భవనం, ఆడుకునే జాగా లేదు. "రెండేళ్ళేగా, రాకెట్ అటక మీద పెడదాం. ఏం, అదేమైనా ఇండియాకి ఆడుతోందా?" అన్నారు మావారు. నిజమే, ఆడటం లేదు. బహుశా ఎప్పటికీ ఆడదు కూడా. ఆ మాటే నేనూ అనేదాన్ని, ఆ శనివారం పొద్దున్న దాని పక్కన కూర్చోకపోయుంటే.

మొన్న రాత్రి మా అత్తయ్య దాన్ని పిలిచి అడిగారు, "నీకు ఆ ఆట మానెయ్యాలనుందా?" అని. అది తల అడ్డంగా ఊపింది. "మరింకేం" అన్నారు ఆవిడ.

అప్లికేషన్ ఇంకా టేబుల్ మీదే ఉంది, ఖాళీగా. ఈ సోమవారం ఇంకో రెండు కాలేజీలకి వెళ్ళొస్తాను. ఫీజెంతని తర్వాత అడుగుతాను. ముందు ఆడుకునే జాగా ఎక్కడుందో చూపించమంటాను. మీ ఇంట్లోనూ పదో తరగతి పిల్ల ఉంటే, అటక ఎక్కించేముందు ఆ రాకెట్ గురించి ఒక్కమాట దాన్నే అడగండి.