చట్టంలో ఉన్న మందు పేటకెందుకు రాదు?

మన ఓడలరేవు ఒడ్డున ఓఎన్జీసీ టెర్మినల్ ఉంది. సముద్రం అడుగు నుంచి గ్యాసును ఒడ్డుకు లాగే తెలివి ఈ దేశానికుంది. అదే ఒడ్డున, పేటలో కూలిమనిషికి కేన్సరొస్తే కొత్త మందు కొనే దారి లేదు. కర్మ అంటారు పెద్దలు. పేదరికం అంటారు ఆఫీసర్లు. మేమనేది వేరు. మందు చెయ్యడం వచ్చినోడి చెయ్యి పట్టుకుని ఆపుతున్నారు. ఆ ఆపడం పేరే పేటెంటు.

1970 పేటెంటు చట్టం మందు తయారుచేసే పద్ధతికి పేటెంటిచ్చింది గానీ మందుకివ్వలేదు. అదే మందును ఇంకో పద్ధతిలో ఎవరైనా చెయ్యొచ్చు. హైదరాబాదు మందుల కంపెనీలు అలాగే పెరిగాయి. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చింది. దాని ఒప్పందానికి తలొగ్గి 2005 నుంచి మన దేశం మందుకే 20 ఏళ్ళ పేటెంటు ఇస్తోంది. అన్నాళ్ళూ కంపెనీ చెప్పిందే ధర.

లెక్క చూడండి. జర్మనీ బేయర్ కంపెనీ లివరు, కిడ్నీ కేన్సర్ మందు నెక్సావర్‌ను నెలకు 2,80,000 రూపాయల పైన అమ్మింది. 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలరు హైదరాబాదు నాట్కోకి తప్పనిసరి లైసెన్సు ఇచ్చాడు. అదే మందు నెలకు 8,800కి దిగింది. మిగతా సొమ్ము దేని ధర? మందు ధర కాదు, గుత్తహక్కు ధర. పరిశోధనకు ఖర్చవదా అంటారు. అవుతుంది. అందుకే బేయర్‌కు 6 శాతం రాయల్టీ కట్టమన్నారు. 8,800 కూడా కూలీకి బరువే. కానీ ఆ ధరకైతే సర్కారే కొని ఆసుపత్రిలో ఊరికే ఇవ్వగలదు.

మరి ఆ దారిన ఇంకెన్ని మందులొచ్చాయి? హైదరాబాదు లీ ఫార్మా ఒక షుగరు మందు కోసం లైసెన్సు అడిగితే 2016లో కాదన్నారు. కరోనా నాడు, 2020 అక్టోబరులో, పేటెంట్లు ఆపమని ఇండియా, దక్షిణాఫ్రికా ప్రపంచ వాణిజ్య సంస్థను అడిగాయి. ధనిక దేశాలు నాన్చి నాన్చి 2022 జూన్‌లో టీకాలకు మాత్రం కొంత సడలింపిచ్చాయి. జెనీవాలో అంత గట్టిగా అడిగిన ఢిల్లీ, సొంత చట్టంలో ఉన్న అధికారాన్ని ఇంట్లో ఎందుకు వాడదు?

మహద్ చెరువు సంగతి మనకు తెలిసిందే. 1923లో బొంబాయి కౌన్సిలు తీర్మానం చేసింది. 1924లో మహద్ మునిసిపాలిటీ ఒప్పుకుంది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ జనంతో నడిచెళ్ళి దోసిలి పట్టేదాకా ఆ నీళ్ళు మనోళ్ళ గొంతు తడపలేదు. తప్పనిసరి లైసెన్సు గురించి చెప్పే 84వ సెక్షను కూడా అలాంటి చెరువే.

నడిచినవాళ్ళు లేకపోలేదు. టీబీ వైద్యంలో వినికిడి పోగొట్టుకున్న నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికా ఫుమెజా టిసిలే కలిసి బెడాక్విలిన్ మందు పేటెంటును పొడిగించొద్దని అడ్డుపడ్డారు. 2023 మార్చిలో పేటెంట్ల ఆఫీసు కంపెనీ అర్జీని కొట్టేసింది. పేటెంటు ఇవ్వకముందు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చని మన చట్టంలోనే ఉంది. ఆ 'ఎవరైనా'లో మన పేట కూడా ఉంది.

అన్నలారా, అక్కలారా! ఏ మందు చీటీ రాశారో, ఎంత ధరో, ఎక్కడ అప్పు తెచ్చారో సంఘం పుస్తకంలో రాసిపెట్టండి. ఆ లెక్కతో అమలాపురంలో అర్జీ పెడదాం, ఢిల్లీకీ పంపుదాం. జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టించుకున్నాం. ఆయన చూపిన దారిలో మందు దాకా నడవాల్సింది మనమే.