కబురు వెళ్తే సరా... జవాబు రావద్దూ!

తొలకరి పడిందంటే కడియం నర్సరీల్లో చేతినిండా పనే. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి... ఎటు చూసినా మామిడి అంట్లూ పూల మొక్కలూ లారీలకెక్కుతుంటాయి. గల్లాపెట్టె పక్కనే కంప్యూటరు, అందులో బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేరు. ఏళ్ల తరబడి మొక్కలు కొన్నవాళ్ల పేర్లూ ఫోన్‌ నంబర్లూ అందులోనే భద్రం. 'కొత్త అంట్లు వచ్చాయండీ' అని అందరికీ ఒకేసారి కబురు పెడితే..? ఏ నర్సరీ యజమానికైనా వచ్చే ఆలోచనే!

దానికి దారి ఏపీఐ. అంటే, అప్లికేషన్‌ ప్రోగ్రామింగ్‌ ఇంటర్‌ఫేస్‌. నోరు తిరగని పేరే కానీ, గోదారి రైతుకు తెలియని పద్ధతి కాదు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువను ఎవరూ సొంతంగా తవ్వుకోరు. చేనుకో తూము ఉంటే చాలు, నీరందుతుంది. ఇదీ అంతే. సందేశాలు పంపే ఏర్పాటంతా వేరే సంస్థది. 'ఫలానా నంబరుకు ఫలానా కబురు' అని మన సాఫ్ట్‌వేరు దాన్ని అడుగుతుంది. అడిగింది మనమేననడానికి గుర్తు... ఆ సంస్థ ఇచ్చే రహస్య కీ. అది పరాయి చేతిలో పడితే సందేశాలు మన పేరుతో వెళ్తాయి, బిల్లు మాత్రం మనకొస్తుంది! అందుకే దాన్ని ప్రోగ్రాములో రాసి వదిలేయకూడదు. సర్వర్లో విడిగా దాచాలి. ప్రోగ్రామరు మారితే కీ కూడా మార్చాలి.

అక్షరం తేడా వచ్చినా...

తూము తెరిచినంత మాత్రాన ఏదిపడితే అది పంపడం కుదరదు. మన దేశంలో వ్యాపార ఎస్సెమ్మెస్‌లకు పంపేవారి పేరూ, సందేశం నమూనా ముందే నమోదై ఉండాలి. 2018లో ట్రాయ్‌ తెచ్చిన నిబంధనలివి. 2021 మార్చి 8న నమూనాతో సరిపోల్చి చూడటం మొదలెట్టగానే, దేశమంతటా బ్యాంకుల ఓటీపీలు సైతం ఆగిపోయాయి. మర్నాడే ట్రాయ్‌ దాన్ని వారంపాటు వాయిదా వేయాల్సి వచ్చింది. వాట్సప్‌లోనూ ప్రచార సందేశం నమూనాకు ముందుగా ఆమోదం కావాల్సిందే. అందుకునేవారి సమ్మతీ ఉండాల్సిందే.

మురుగు కాలువ మరిస్తే..?

చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. పంటకాలువ ఉండి మురుగు కాలువ లేకపోతే చేను ఏమవుతుంది? నీరు నిలిచి వేరు కుళ్లిపోతుంది. ఏపీఐకీ వెనక్కి వచ్చే దారి ఉంటుంది. దాని పేరు వెబ్‌హుక్‌. సందేశం చేరిందా లేదా, కొనుగోలుదారు ఏమని జవాబిచ్చాడు అన్నది ఆ దారినే మనకు తెలుస్తుంది.

గృహప్రవేశానికి నాలుగు కుండీలు కొన్నాయన 'ఇక పంపొద్దు' అన్నాడనుకోండి. ఆ మాట మన బిల్లుల సాఫ్ట్‌వేరుదాకా రాకపోతే వచ్చే నెలా కబురు వెళ్తుంది. ఆపై నెలా వెళ్తుంది. విసిగిపోయి ఆయన నంబరు బ్లాక్‌ చేస్తాడు. అలాంటివాళ్లు పెరిగేకొద్దీ వాట్సప్‌లో మన నంబరు విలువ పడిపోతుంది, ఆంక్షలొస్తాయి. చివరికి 'మీ లారీ బయల్దేరింది' అన్న అసలు కబురూ ఆగిపోయే ప్రమాదముంది. ఏళ్ల తరబడి సంపాదించుకున్న నమ్మకం మొక్కకు తెగులు పట్టినట్టే! 2023 నాటి డిజిటల్‌ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమూ అదే చెబుతోంది... సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడమూ అంతే తేలిగ్గా ఉండాలని.

మరో తిరకాసూ ఉంది. సందేశం వెళ్లిపోయాక నెట్‌ ఆగి, 'పంపేశాం' అన్న జవాబు అందలేదనుకుందాం. వెళ్లలేదేమోనని సాఫ్ట్‌వేరు మళ్లీ పంపుతుంది. ఒకే కబురు రెండుసార్లు! ప్రతి సందేశానికీ ఓ వరస నంబరిచ్చి, మళ్లీ పంపేముందు సరిచూసుకుంటే ఆ బాధ ఉండదు.

ఏం చేయాలంటే...

మొదట సొంత నంబర్లకే పంపి చూడాలి. వాటిలో ఒకదాన్నుంచి 'వద్దు' అని జవాబివ్వాలి. ఆ నంబరు జాబితాలోంచి తనంతట తానే తప్పుకుందా? అయితే తూము సిద్ధమైనట్టే. తప్పుకోలేదా? అప్పటిదాకా మిగతావాళ్లకు ఒక్క కబురైనా పంపకపోవడమే మేలు. మొక్కకు నీళ్లు పోసేముందు కుండీ అడుగున చిల్లు ఉందో లేదో చూడటం కడియంలో ఎవరికీ నేర్పక్కర్లేదుగా!