తెలుపు సరే, లోపలి చిలుము మాటేమిటి?

పాత కంప్యూటర్లను సేకరించే అభిరుచి గలవారు అంతర్జాలంలో తరచూ జంట చిత్రాలు పెడుతుంటారు. ఒకదానిలో పండుటాకులా పసుపెక్కిన పెట్టె. పక్కనే అదే పెట్టె, నిన్ననే అంగడి నుంచి తెచ్చినంత తెల్లగా. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ దీనిని పునరుద్ధరణ అనవచ్చునా? అనరాదని నా అభిప్రాయం.

ముందుగా ఆ పసుపు సంగతి చూద్దాం. అది మురికి కాదు, సబ్బునీటికి పోదు. 1980, 90 దశకాల కంప్యూటర్ల తొడుగులు చాలావరకు ఏబీఎస్ అనే ప్లాస్టిక్కుతో చేసినవి. దానిలో బ్యూటడయీన్ అనే రబ్బరు వంటి భాగం ఉంటుంది. వెలుతురు, వేడిమి, ప్రాణవాయువుల ప్రభావం వల్ల అది ఏళ్ళ తరబడి నెమ్మదిగా మారిపోతూ రంగు తిరుగుతుంది. అటకమీద చీకటిలో దాచినవి సైతం కొన్ని పసుపెక్కుతాయి. అనగా ఇది పైన అంటిన మరక కాదు, ఆ పదార్థానికే వచ్చిన వార్ధక్యం.

దీనికి విరుగుడుగా 2008లో 'రెట్రోబ్రైట్' అనే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. తొడుగును విడదీసి, హైడ్రోజన్ పెరాక్సైడు ద్రావణంలో ముంచి ఎండలో ఉంచుతారు. లేదా జుట్టుకు రంగు వేయడానికి వాడే పెరాక్సైడు క్రీమును పూసి, ఆరిపోకుండా పలుచని ప్లాస్టిక్ పొర చుట్టి ఎండబెడతారు. క్రీము ఎక్కడ ఆరితే అక్కడ చారలు పడతాయి. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. ఇంత చేసినా పోయేది పైపొరలోని రంగు మాత్రమే. ప్లాస్టిక్కుకు వచ్చిన పెళుసుతనం పోదు. కొన్నేళ్ళకు పసుపు మళ్ళీ తొంగిచూస్తుంది.

"తయారుచేసినవారు ఉద్దేశించిన రంగు అది కాదు కదా" అని కొందరి వాదన. అందులో న్యాయం ఉంది. కొన్ని కీబోర్డులలో మీటలన్నీ పీబీటీ అనే వేరే ప్లాస్టిక్కుతోను, స్పేస్ బార్ ఒక్కటి ఏబీఎస్ తోను చేశారు. మీటలు తెల్లగా నిలిచి, ఆ ఒక్క పట్టీ మాత్రం పచ్చబడి ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. అటువంటి పట్టీనొకదానిని నేనూ తెల్లబరచాను, అందుకు విచారించను. నా అభ్యంతరం తెల్లబరచడం మీద కాదు, దానితోనే పని ముగిసిందనుకోవడం మీద.

1987లో వచ్చిన అమీగా 2000 సంగతే చూడండి. దాని మదర్‌బోర్డు మీద నికెల్ కాడ్మియం బ్యాటరీ ఒకటి ఉంటుంది. ముసలిదై కారిందంటే ఆ క్షారం రాగి దారులను తినేస్తుంది, పచ్చని చిలుము పడుతుంది. 1989 నాటి మాకింతోష్ ఎస్‌ఈ/30లో చిన్న చిన్న కెపాసిటర్లు కారి ఇదే పని చేస్తాయి. ఇవేవీ ఛాయాచిత్రంలో కనబడవు. పెట్టె మెరుస్తూ ఉంటుంది, లోపల యంత్రం మరణిస్తూ ఉంటుంది. పైన పటారం, లోన లొటారం అని మనవాళ్ళు ఊరకే అనలేదు.

తాళపత్రాలను భద్రపరిచేవారు వాటికి నిమ్మగడ్డి నూనె రాస్తారు. ఆకు విరగకుండా, పురుగు పట్టకుండా చూస్తారు. గోధుమరంగు పోగొట్టి లేతాకు చేయాలని చూడరు. వారికి కావలసినది ఆకు వన్నె కాదు, దాని మీది అక్షరం. కంప్యూటరుకైనా అంతే. అది పనిచేయడమే దాని అక్షరం.

కనుక పాత యంత్రం చేతికి వస్తే ముందు మూత విప్పండి. బ్యాటరీ తీసివేయండి. కెపాసిటర్లు పరిశీలించండి. డిస్కులో ఏమైనా ఉంటే నకలు తీయండి. తొడుగును సబ్బునీటితో కడిగి తుడవండి. అప్పటికీ పసుపు మనసును బాధిస్తుంటే, పెరాక్సైడు సీసా ఎక్కడికీ పోదు, ఎండకు మన దేశంలో కరవూ లేదు. ఆ పసుపు మరో పదేళ్ళు ఆగగలదు. లోపలి చిలుము ఆగదు.