దత్తత పేరిట వదిలించుకోవద్దు

అమెరికా పశ్చిమ రాష్ట్రాల బీళ్లలో తిరిగే అడవి గుర్రాలు మస్టాంగ్‌లను లారీలతో తరిమి పట్టి కబేళాలకు అమ్మిన రోజులున్నాయి. నెవాడాకు చెందిన వెల్మా జాన్‌స్టన్ అనే మహిళ ఏళ్ల తరబడి పోరాడింది. వేలాది బడిపిల్లలు ప్రజాప్రతినిధులకు ఉత్తరాలు రాశారు. అలా 1971లో రక్షణ చట్టం వచ్చింది. ఇప్పుడు సమస్య వేరు: వేటాడే జంతువులు తక్కువ కావడంతో మందలు నాలుగైదేళ్లకే రెట్టింపవుతాయి. ఆ నేల పోషించగలిగేది 25 వేల పైచిలుకేనని ప్రభుత్వ భూ నిర్వహణ సంస్థ లెక్క. 2024లో అడవి గాడిదలతో కలిపి 73 వేలకు పైగా మేస్తుండేవి. హెలికాప్టర్లతో తోలి పట్టినవి మరో 60 వేలకు పైగా ప్రభుత్వ దొడ్లలో, అద్దె బీళ్లలో ఉండేవి.

ఇలా పట్టిన గుర్రాలను దత్తతకు ఇస్తారు. రుసుము 125 డాలర్ల నుంచి మొదలు. ఒక్కోదానికి 400 చదరపు అడుగుల దొడ్డి, ఎత్తయిన కంచె ఉండాలి. ఏడాది సాకితే యాజమాన్య హక్కు వస్తుంది. ఆ పత్రం చేతికందిన క్షణం నుంచి ఆ గుర్రానికి 1971 చట్టం వర్తించదు.

లోపం ఇక్కడే ఉంది. తల్లిపాలు మానిన ఆరు నెలల గుర్రపు పిల్లను తెచ్చుకుంటే, హక్కు వచ్చేనాటికి దానికి ఏడాదిన్నర. ఇంకా జీను మోసే వయసు కాదు. పిల్లలు పెద్దవాటికంటే త్వరగా మచ్చికవుతాయి, నిజమే. కానీ రోజూ దగ్గరుండి తాకాలి, పగ్గానికి అలవాటు చేయాలి, గిట్టలు చెక్కించుకునేందుకు కాలెత్తడం నేర్పాలి. మందలో పుట్టిన జీవి కాబట్టి తోడుగా మరో గుర్రం కావాలి. ఇవేవీ జరగకపోతే బెదురు పోకుండానే ఒళ్లు పెరుగుతుంది. నాలుగు క్వింటాళ్ల బెదురు గుర్రాన్ని ఎవరూ కొనరు, కబేళా దళారి తప్ప. బాగా చూసుకుంటే అదే గుర్రం పాతికేళ్లు బతుకుతుంది.

2019లో ప్రభుత్వం దత్తత తీసుకున్నవారికి ఎదురు వెయ్యి డాలర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. దొడ్లు ఖాళీ చేయాలన్న తొందర అది. సొమ్ము అందగానే కొందరు గుర్రాలను కబేళాలకు సరఫరా చేసే సంతలకు తోలారని 2021లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. అమెరికాలో గుర్రాల కబేళాలు 2007లోనే మూతపడ్డాయి. అలాంటి సంతల నుంచి గుర్రాలు మెక్సికో, కెనడాలకు చేరతాయి. 2025లో కోర్టు ఆ వెయ్యి డాలర్ల పథకాన్ని కొట్టేయడం సరైన పనే.

ఇంతకంటే మంచి దారి ఉంది. నెవాడాలోని కార్సన్ సిటీ జైలులో ఖైదీలు నెలల తరబడి మస్టాంగ్‌లకు శిక్షణ ఇచ్చి వేలానికి తెస్తారు. స్వారీకి అలవాటుపడిన గుర్రాన్ని కొనేవారు డబ్బు పెట్టి మరీ తీసుకెళతారు. ప్రోత్సాహకానికి పోసిన సొమ్మును ఇలాంటి శిక్షణకు, మందల్లో పుట్టుకలు తగ్గించే టీకాలకు మళ్లించాలి. గుర్రపు పిల్లల విషయంలోనైతే ఏడాది గడువు చాలదు. మూడేళ్లు నిండి, మచ్చికైందని అధికారి స్వయంగా చూసి నిర్ధారించాకే హక్కుపత్రం ఇవ్వాలి.