ఊపిరి తీసుకునే గిటార్

గిటార్ బాగా వాయిస్తాడు అంటే మనవాళ్లకి ఒకటే అర్థం, స్పీడ్. ఫెస్ట్‌లో ఎవడి వేళ్లు కంటికి కనపడనంత వేగంగా పరిగెడితే వాడికే ఈలలు. ఆ లెక్కన గ్రాంట్ గ్రీన్‌కి మన స్టేజి మీద చప్పట్లు కూడా పడవేమో. నన్నడిగితే మాత్రం జాజ్ గిటార్‌లో రావాల్సినంత పేరు రానివాళ్లలో ఆయనే ముందుంటాడు.

పుట్టింది అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో. 1960ల మొదట్లో న్యూయార్క్ వచ్చి బ్లూ నోట్ కంపెనీకి వరసపెట్టి రికార్డులు చేశాడు, తన పేరు మీదా, వేరేవాళ్ల పక్కనా. సరిగ్గా అదే టైమ్‌లో వెస్ మాంట్‌గోమరీ ఆక్టేవ్‌లతో సోలోలు వాయిస్తూ అందర్నీ నోరెళ్లబెట్టిస్తున్నాడు. గ్రాంట్ దగ్గర అలాంటి చూపించుకునే విద్య ఏదీ లేదు. సోలోలో కార్డ్స్ దాదాపు ముట్టుకోడు. ఒక్కో స్వరం విడివిడిగా, అంతే.

అసలు సంగతి అక్కడే ఉంది. శాక్సఫోన్ వాయించేవాడికి ఊపిరి అయిపోతుంది, ఆగక తప్పదు. గిటారిస్టుకి ఆ అవసరం లేదు, అందుకే చాలామంది ఆగరు. గ్రాంట్ చార్లీ పార్కర్ లాంటి శాక్సఫోన్ వాళ్లని విని నేర్చుకున్నాడు కాబట్టి ఒక మాట అని, ఆగి, ఊపిరి తీసుకుని ఇంకో మాట అన్నట్టు వాయిస్తాడు. ఒక చిన్న పలుకు నచ్చిందంటే దాన్నే పదేపదే తిప్పుతాడు. రికార్డు ఇరుక్కుపోయిందా అనిపిస్తుంది మొదట్లో! కింద డ్రమ్స్, ఆర్గాన్ మారుతూ ఉంటే అదే పలుకు ప్రతిసారీ ఇంకోలా వినిపించడం మొదలవుతుంది.

1963 నవంబర్‌లో రికార్డు చేసిన 'ఐడిల్ మూమెంట్స్' వినండి. పాట పియానో వాయించిన డ్యూక్ పియర్సన్‌ది. ఎవరు ఎంతసేపు వాయించాలన్న దగ్గర గందరగోళం జరిగి, ఏడు నిమిషాల్లో అవ్వాల్సింది పదిహేను నిమిషాల దాకా సాగింది. ఎల్పీలో పట్టదు. అయినా ఈ టేక్‌ని వదులుకోలేక, మిగతా రెండు పాటల్ని కుదించి మళ్లీ రికార్డు చేశారు. గ్రాంట్ సోలోలో తొందర అన్నది లేదు. అర్ధరాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చుని మాట్లాడుకుంటున్నంత తీరిక.

పేరు రాకపోవడానికి కంపెనీ కూడా కారణమే. సన్నీ క్లార్క్ పియానోతో 1961-62లో చేసిన క్వార్టెట్ రికార్డింగులు, ఆయన అత్యుత్తమ వాయిద్యమంటే నాకు అవే, దాదాపు ఇరవై ఏళ్లు బయటికే రాలేదు. అప్పటికి సన్నీ క్లార్క్ లేడు. గ్రాంట్ 1979లో, 43 ఏళ్లకే పోయాడు.

1970లో వచ్చిన 'అలైవ్!' ఆల్బమ్‌ని ఫంక్ అని చిన్నచూపు చూసే జాజ్ పెద్దలున్నారు. నేను ఒప్పుకోను. ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ వాళ్ల 'వైబ్స్ అండ్ స్టఫ్' విన్నారంటే, ఆయన పేరు తెలియకుండానే మీరు ఆ ఆల్బమ్ ముక్క విన్నట్టే. 'ఐడిల్ మూమెంట్స్' మాత్రం ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రెండుసార్లు వినండి. రెండోసారి గిటార్ ఆగిన చోట్ల పియానో ఏం చేస్తోందో పట్టుకోండి.