చప్పుడు లేని కెమెరా ఏదీ?

కెమెరా కొనేవాడు మొదట అడిగేది ధర, తర్వాత కంపెనీ పేరు. దాని చప్పుడెట్లా ఉంటుంది, రీలు తిప్పే మీట ఎంత మెత్తగా కదులుతుంది అని అడిగినవాణ్ణి ఇంతవరకు నేను చూడలేదు. మా చిట్టమూరు వైపు ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూసి ఊరుకోరు, నాలుగడుగులు నడిపించి మరీ చూస్తారు. పాపం, కెమెరాకు ఆ పాటి మర్యాద కూడా లేకపోయె!

ఈ రోజుల్లో ఫిలిం కెమెరా గోలేమిటి అనే మిత్రులకు ఒక్క మాట. 2012లో కొడాక్ కంపెనీ దివాలా పిటిషను వేసిన మాట నిజం. 2020లో నికాన్ తన చివరి ఫిలిం ఎస్ఎల్ఆర్ అయిన ఎఫ్6ను ఆపేసిన మాటా నిజం. అయినా మన హాస్టల్లోనే ఐదారుగురు పాత కెమెరాలు మెడలో వేసుకు తిరుగుతున్నారు. రీలు కొని, కడిగించి, స్కాను చేయించేసరికి వెయ్యి రూపాయలు దాటిపోతోంది. ముప్పయ్యారు ఫొటోలకు అంత పోసేవాడు తన చేతిలో వస్తువు ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవద్దా?

ఎస్ఎల్ఆర్‌లో చప్పుడు ఎక్కడ పుడుతుంది? బొత్తాం నొక్కగానే లోపల ఒక చిన్న సంసారమే నడుస్తుంది. లెన్సు వెనకనున్న అద్దం పైకి లేచి కప్పుకు తగులుతుంది. లెన్సులోని రేకులు మనం పెట్టిన కొలతకు మూసుకుంటాయి. షట్టరు మొదటి తెర పరుగెత్తుతుంది, దాని వెనకే రెండవది. ఆపైన అద్దం మళ్ళీ కిందికి దిగి తన పీట మీద కూర్చుంటుంది. పూర్వం చాలా కెమెరాల్లో అద్దం లేచిందంటే, మళ్ళీ రీలు తిప్పేదాకా అక్కడే ఉండేది. 1954లో అసాహిఫ్లెక్స్ కెమెరాలో అది వెంటనే దిగే ఏర్పాటు వచ్చింది. తర్వాత అందరూ ఆ దారే పట్టారు. కంటికి సుఖమే గాని, చెవికి ఒక దెబ్బ పోయి రెండు దెబ్బలయ్యాయి.

నేను చేతపట్టి వాడినవి మూడు. నాయుడుపేటలో మా మేనమామ స్టూడియో నడిపేవాడు. సెల్‌ఫోన్లు వచ్చాక దాన్ని మూసేసి, పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం2 రెండూ నా ఒళ్ళో పెట్టాడు. మూడవది ఒలింపస్ ఓఎం-1. అది మా లెక్చరరుగారిది, పదిహేను రోజులకని ఎరువిచ్చారు.

కె1000 మాట్లాడితే పక్కగదికి వినపడుతుంది. 1976 నుంచి 1997 దాకా తయారైన ఈ కెమెరాలో గుడ్డతెర అడ్డంగా పరుగెత్తుతుంది, ఆ తెర చప్పుడు మెత్తనిదే. అద్దం కొట్టే దెబ్బే మోటు. మీట తిప్పితే పళ్ళచక్రాలు వేలికి ఒక్కొక్కటే తెలుస్తాయి. ఎఫ్ఎం2 తీరు వేరు. ఇది 1982లో వచ్చింది. సెకనులో నాలుగువేల వంతును పట్టడం కోసం దీనికి లోహపు రేకుల షట్టరు పెట్టారు. ఆ రేకులు అడ్డంగా గాక నిలువుగా పోతాయి. అందుకే శబ్దం సన్నగా, పదునుగా, బల్ల మీద గోలీ వేసినట్లుంటుంది. గుండె గుభేల్‌మనదు గాని చెవిలో గుచ్చుకుంటుంది. మీట మాత్రం కె1000 కన్నా ఎంతో సుఖం.

ఓఎం-1 దగ్గర నా కలం కాస్త పక్షపాతం చూపితే పాఠకులు మన్నించాలి. యొషిహిసా మైతాని అనే జపాను ఇంజనీరు, ఎస్ఎల్ఆర్ అంటే బరువు, పెద్ద సైజు, పెద్ద చప్పుడు అనే అపవాదును పోగొట్టాలని పట్టుబట్టి దీన్ని రూపొందించాడు. 1972లో ఎం-1గా వచ్చి, లైకావారి అభ్యంతరంతో ఓఎం-1గా పేరు మార్చుకుంది. అద్దం పోయి ఠక్కున కొట్టకుండా గాలిని నొక్కి వేగాన్ని అణిచే చిన్న ఏర్పాటు ఇందులో ఉంది. స్ప్రింగుకు డాంపింగు అని మనం మొదటేడాది లెక్కలు చేశామే, అదే ఇది! కావాలంటే అద్దాన్ని ముందే పైకి లేపి నిలిపే మీట కూడా ఉంది. సెకనులో అయిదువందలో వంతుకు తీసేటప్పుడు అద్దం అదురు అంతగా లెక్కలోకి రాదు. నాలుగో వంతు నుంచి పదిహేనో వంతు దాకానే దాని అల్లరి. స్టాండు మీద పెట్టి సాయంకాలపు చెరువును తీసేవాడికి ఆ మీట విలువ తెలుస్తుంది.

అయితే చప్పుడు వల్ల నష్టం ఎవరికి? చాలామంది పక్షులకు అంటారు. మాకు దగ్గర్లోనే నేలపట్టు ఉంది, 1976లోనే దాన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. నీళ్ళలో నిలబడిన చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెట్టి పిల్లల్ని లేపుతాయి. అక్కడికి కె1000 తీసుకుపోతే పక్షులు లేచిపోతాయని ఒక మిత్రుడు నన్ను బెదిరించాడు. శబ్ద తీవ్రత దూరపు వర్గాన్ని బట్టి తగ్గుతుంది గదా! మీటరు దూరంలో ఉన్నది నూరు మీటర్లకు పదివేల వంతుకు పడిపోతుంది. టవరు మీదనుంచి తీసేవాడి షట్టరు కన్నా, కింద కేకలేస్తూ తిరిగే జనం, వాళ్ళ ఎర్రచొక్కాలే ఆ పక్షులకు ముప్పు. పెళ్ళిళ్ళ సంగతీ అంతే. గట్టిమేళం మోగుతుంటే ఏ కెమెరా గొంతు ఎవరికి వినపడుతుంది?

నష్టం మనుషుల దగ్గర, నిశ్శబ్దంగా ఉన్న గదిలో. మా అవ్వ వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తుంటే ఫొటో తీద్దామని చూశాను. కె1000 ఒక్కసారి మోగగానే, "తీసేసినావా అబ్బయ్యా? ఉండు, కొంగు సర్దుకోనీ" అని బిగుసుకుంది. ఆ తర్వాత వచ్చినవన్నీ ఆధార్ కార్డు ఫొటోలే! మరునాడు ఓఎం-1తో అదే చోట ఆరు తీశాను. ఆరోదానికిగాని తలెత్తలేదు. ఆ ఆరింటిలో మా అవ్వ మా అవ్వలా ఉంది. ఆమెకిప్పుడు ఎనభై దాటాయి. మళ్ళీ ఎన్ని రీళ్ళకు అవకాశముంటుందో నాకు తెలియదు. అందుకే చప్పుడు గురించి ఇంత పట్టుదల.

ఇక అసలు పేచీ. కంపెనీలను పోల్చి, ఇది మెత్తన అది మోటు అని తీర్పులు చెప్పేవారు ఒక సంగతి మరుస్తున్నారు. ఈ కెమెరాలకు నలభై, యాభై ఏళ్ళు. అద్దం పోయి తగిలే చోట ఒక స్పాంజి పట్టీ ఉంటుంది. అది కాలక్రమాన తారులా కరిగి, ఊడి, దుమ్మయిపోతుంది. అప్పుడు ఓఎం-1 కూడా రేకు మీద రాయి పడ్డట్టు మోగుతుంది. 1976లో వచ్చిన కానన్ ఏఇ-1ల్లో, అద్దం కదిలించే భాగాల్లో నూనె ఎండిపోయి కీచుమని దగ్గడం లోకప్రసిద్ధం. పుట్టినప్పుడు అట్లా ఉండేవి కావు. మీట తిప్పేచోట బేరింగులు పెట్టి 1980లో తెచ్చిన నికాన్ ఎఫ్3 మెత్తదనం గురించి కథలుగా చెబుతారు. చెన్నైలో ఒక మెకానిక్ బల్లమీద దాన్ని తిప్పి చూశాను, ఇసుక నమిలినట్లుంది. ఆయన నవ్వి, "దీనికి జబ్బు లేదు తమ్ముడూ, ఆకలి" అన్నాడు. మరి మా పులికాట్ ఉప్పుగాలిలో ముప్పయ్యేళ్ళు ట్రంకుపెట్టెలో మూలిగిన కెమెరా ఆకలి ఎంత ఉంటుంది! కాబట్టి మనం పోలుస్తున్నది కెమెరాలను కాదు, వాటికి జరిగిన సేవను. మా నాయనకు కెమెరాలు తెలియవు గాని, ఆయిలింజను శబ్దం విని గట్టు మీదనుంచే ఏం తక్కువైందో చెప్పేవాడు. ఏ కంపెనీదని అడిగేవాడు కాడు.

సర్వీసు చేయించిన కె1000, చేయించని ఓఎం-1 కన్నా మెత్తగా ఉంటుంది. కొనేవారు ఖరీదులో మూడోవంతు సర్వీసుకని విడిగా పెట్టుకోవాలని నా అభిప్రాయం. ఆ పని తెలిసినవారు చాలామంది వయసు మళ్ళినవారే. కొత్త కుర్రాళ్ళు సెల్‌ఫోను రిపేరుకు పోతున్నారు, వారిని తప్పు పట్టడానికీ లేదు. సెల్‌ఫోనులో అద్దమూ లేదు, తెరా లేదు. అది చేసే ఆ టిక్కు శబ్దం కూడా రికార్డే!

యూనియన్ వారికి, లెక్చరర్లకు, ముఖ్యంగా ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులకు నా మనవి ఇది. మన డిపార్టుమెంటు బీరువాలో నాలుగు పాత ఎస్ఎల్ఆర్‌లున్నాయి. ఒకదాని అద్దం పైకి పోయి దిగిరాలేదు, రెండింటి లెన్సుల్లో బూజు పట్టింది, నాలుగోది ఇంకా మోగుతోంది. యూనియన్ ఈ ఏడు కొనదలచిన కొత్త ట్రోఫీల ఖర్చులో కొంత తగ్గించుకుంటే నాలుగింటికీ సర్వీసు అవుతుంది. చెన్నై తీసుకుపోయి, దగ్గర కూర్చుని చేయించుకు రావడానికి నేను సిద్ధం. బస్సు చార్జీ కూడా అడగను. వేసవి సెలవులకు ముందే బీరువా తాళం ఇప్పిస్తే చాలు. వానలు మొదలైతే మిగిలిన రెండు లెన్సులకూ బూజు పడుతుంది.